బొగ్గు గీత

పెద్దదోర్నాల దాటి, శ్రీశైలం ఘాటు ఇంకా మొదలవక ముందే
ఎడమకు తిరిగితే ఎండిన కుంట ఒకటుంది.
పటంలో పేరు లేదు.
మేం దున్నపోతుల కుంట అంటాం.
ఆ దున్నపోతుల్ని చూసినవాళ్లెవరూ బతికి లేరు.

దాని నడుమలోకి ఇనప గొట్టం దించింది షాహిదా.
మార్కాపురం పిల్ల. వాళ్ల నాన్న పలకల గనిలో
ఉలి పెట్టి రాతి పొరలు విప్పేవాడట.
నేనూ అంకన్నా గొట్టం మీదెక్కి ఊగితే
తొక్కగా తొక్కగా మనిషి లోతు దిగింది.

బయటికి లాగి, నిలువునా కోసి, పట్టా మీద పరిచింది.
ఒండ్రు. బూడిద రంగు.
మధ్య మధ్యన నల్లటి గీతలు,
చంటిబిడ్డకు దిద్దిన కాటుకంత సన్నం.
"ఇవేంటమ్మా?"
"నిప్పులు," అంది. "గడ్డి తగలబడ్డ కాలాలు.
గాలికెగిరిన నలుసు వచ్చి ఇక్కడ పడుకుంది."
కాస్త గీకి నా అరచేతికి రాసింది.
ఈ గీత మీ గూడెం పుట్టకముందుదంది.
ఆ కిందిది ఏ ఊరూ పుట్టకముందుదంది.

నేను ఫైర్ వాచర్ని. రోజుకూలి.
సంకురుమయ్య పోయిందగ్గర్నుంచి తొలకరి దాకా
నిప్పును వెతికి కొట్టడం నా పని,
పచ్చి మోదుగ కొమ్మతో.
సంచిలో నీళ్ల సీసా, విజిల్, మూడు నెలల బాకీ కూలి.

మా అవ్వ కుడుముల లింగి
ఇదే బోద అంటించినందుకు
ఒక పూటంతా చెట్టుకు కట్టుబడింది.
తాత రెండు కుండల తేనె ఇచ్చి విడిపించుకొచ్చాడు.
"పాత గడ్డి చావందే జింకపిల్లకు పాలుండవురా" అనేది.
మాఘంలో, మంచు ఆరీ ఆరకముందు,
పిడికెడు దుమ్ము ఎగరేసి గాలిని చూసి
వాలు పైనుంచి కిందికి
మేకను తోలినట్టు తోలేది నిప్పును.
మోకాలు దాటనిచ్చేది కాదు.

చిట్టీత నాకు తెలుసు.
మాడిన మొదట్లోంచి పది రోజుల్లో పచ్చటి సూది లేస్తుంది.
మొర్రి తెలుసు.
ఏటేటా నేలమట్టంగా కాలి, వేరులో దాక్కుని,
నిప్పు దారి తప్పే కొద్ది ఏళ్ల కోసం
ముప్పై ఏళ్లు మరుగుజ్జుగా కాచుకుంటుంది.
ఆ సందు దొరికిందా, ఇక చెట్టే.
నల్లమద్ది ఒంటికి మొసలి తోలెందుకో మాత్రం
ఈ మట్టిని చూశాకే తెలిసింది.

అడవిని తినడానికొస్తుందనుకున్నా ఇన్నాళ్లూ.
గడ్డే పిలిచి కూర్చోబెడుతుందట దాన్ని,
చెట్లు మరీ దగ్గరికి జరక్కుండా,
ఎండ తనకు మిగిలేట్టు.

"మనుషులు పెట్టిందా, పిడుగు పెట్టిందా?" అంకన్న అడిగాడు.
షాహిదా చాలాసేపు గొట్టం కడిగింది.
"బొగ్గు మీద చేతి గుర్తు ఉండదన్నా."

పైన రెండు వేళ్ల మేర గీతలే లేవు.
ఉత్త బూడిద రంగు.
అవ్వను కట్టేసిన నాటి నుంచీ అని నా లెక్క,
ఆమె లెక్క కాదు.
తర్వాత పైపెచ్చుకు కాస్త కింద ఒకటే గీత,
గోరంత మందం.
అది నాకు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

ఆ ఏడు నేనక్కడే ఉన్నా.
నలభై ఏళ్ల గడ్డి మీద గడ్డి, దాని మీద లంటానా కంప.
మంట నేల వదిలి మద్ది కొమ్మలెక్కింది.
కొండముచ్చులు అరవడం మానేశాయి.
నా మోదుగ కొమ్మ నా చేతిలోనే అంటుకుంది.
మూడు రాత్రులు.
గూడెం వాళ్లే పెట్టారని కేసు రాశారు.

పొద్దుగూకాక బేస్ క్యాంపులో రిజిస్టర్ తెరిచాడు గార్డు.
ఈరోజు నిప్పు: లేదు.
వెనక పేజీల నిండా ఒకటే గడి, కారణం.
ఒకటే జవాబు, గుర్తు తెలియని వ్యక్తులు.
వేలిముద్ర వెయ్యమన్నాడు.
ఇంకు ప్యాడ్ ఎండిపోయి ఉంది.
బొటనవేలు అరచేతిలో రుద్ది
ఒత్తాను.

రేంజర్ గారు అడిగితే
ఇంకే అని చెప్పాలి.